పచౌలి నూనె: సాగు, రసాయనం, వినియోగం

పచౌలి నూనె తులసి కుటుంబానికి చెందిన పోగోస్టెమాన్ కాబ్లిన్ అనే గుబురు మొక్క నుంచి వస్తుంది. ఆ మొక్క ఆకులను ఎండబెట్టి, ఆవిరి పట్టి దీన్ని తీస్తారు. నూనె చిక్కగా ఉంటుంది. రంగు లేత పసుపు మొదలు ముదురు గోధుమ వరకూ మారుతుంది. తడిసిన మట్టి, పాత కలప, కొద్దిగా కర్పూరం, అడుగున సన్నని తీపి కలిసిన వాసన దీనిది. అత్తర్లు, సబ్బులు, అగరబత్తులు, నమిలే పొగాకు, చైనా సంప్రదాయ వైద్యం ఇలా ఒకదానితో ఒకటి పొంతన లేని రంగాలన్నీ దీన్ని వాడుతున్నాయి. సుగంధ పంటల్లో చాలావాటి కథ కోతతో ముగింపుకు వస్తుంది. మల్లెను, గులాబీని కోసిన కొద్ది గంటల్లో వాడకపోతే పరిమళం జారిపోతుంది. పచౌలి దారి వేరు. పచ్చి ఆకుకు ఘాటు తక్కువ. ఆకు ఎండి, మగ్గి, బట్టీలో ఉడికి, నూనెగా మారి కొంతకాలం నిలవ ఉన్నాక ఆ వాసన పూర్తిగా విచ్చుకుంటుంది. అందుకే పచౌలిని అర్థం చేసుకోవాలంటే పొలాన్ని ఎంత శ్రద్ధగా చూస్తామో, కోత తర్వాతి పనిని కూడా అంత శ్రద్ధగా చూడాలి. ఈ నూనె మంచిదా కాదా అన్నది మొక్క జాతి ఒక్కటే తేల్చదు, ప్రయోగశాల ఇచ్చే ఒకే ఒక శాతం అంకె కూడా పూర్తిగా తేల్చలేదు. సాగు, రసాయనం, వాణిజ్యం మూడూ ఆ మాటకే సాక్ష్యం చెబుతాయి.

మొక్క, దాని ప్రయాణం

పచౌలి పుట్టిల్లు ఫిలిప్పీన్స్, దాని చుట్టుపక్కల ఆగ్నేయాసియా దీవులు. మనీలాలో ఉండి అక్కడి వృక్షసంపదను గ్రంథస్థం చేసిన స్పెయిన్ మతాచార్యుడు మాన్యుయెల్ బ్లాంకో 1837లో దీన్ని పుదీనా ప్రజాతి కింద వర్ణించాడు. ఫ్రాన్స్‌లో పెల్లెటియే 1845లో దీనికి పోగోస్టెమాన్ ప్రజాతిలో మరో పేరు పెట్టాడు. చివరికి బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ బెంథామ్ 1848లో బ్లాంకో ఇచ్చిన పేరును నిలబెడుతూ ఇప్పుడున్న స్థానంలో చేర్చాడు. దీనికి దగ్గరి చుట్టం పోగోస్టెమాన్ హేనియానస్ దక్షిణ భారతం, శ్రీలంకల్లో సహజంగా పెరుగుతుంది. వ్యాపారంలో దాన్ని జావా పచౌలి అంటారు. దాని నూనెలో ముఖ్య పదార్థమైన పచౌలాల్ చాలా తక్కువ కాబట్టి అత్తరు పరిశ్రమ పెద్దగా పట్టించుకోదు. అసలు పచౌలి రెండున్నర, మూడు అడుగుల ఎత్తు పెరిగే బహువార్షికం. కాండం నాలుగు పలకలుగా, ఆకులు ఎదురెదురుగా, మెత్తని నూగుతో ఉంటాయి. సాగులో ఉన్న మొక్కలు పూయడమే అరుదు. అందువల్ల విత్తనంతో పని లేకుండా కొమ్మ ముక్కలతోనే తరతరాలుగా పెంచుతున్నారు. ఈ సౌలభ్యం వెనకే ఒక బలహీనత ఉంది. తోటలన్నీ కొద్దిపాటి తల్లి మొక్కల నకళ్లు కావడంతో ఒక తెగులు ఒక మొక్కను పడగొట్టగలిగితే తోటనంతా పడగొట్టగలదు.

ఐరోపా ఈ వాసనను మొదట మొక్కగా కాక బట్టల వాసనగా ఎరిగింది. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువాలను ఓడల్లో పంపేటప్పుడు చిమ్మటలు కొరకకుండా మడతల మధ్య ఎండు పచౌలి ఆకులు పెట్టేవారు. నెలల ప్రయాణం తర్వాత పెట్టె తెరిస్తే శాలువాకు ఆ వాసన పట్టి ఉండేది. కొనేవారు దాన్నే అసలు భారతీయ సరుకుకు ఆనవాలుగా లెక్కించారు. దాంతో ఐరోపాలో శాలువాలను అనుకరించి నేసే మిల్లులు కూడా పచౌలి ఆకు తెప్పించుకుని తమ సరుకుకు ఆ వాసన పట్టించాయని పరిమళ చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఓడల్లో వెళ్లింది ఎండుటాకు. ఆ తర్వాత పినాంగ్, సింగపూర్ రేవుల నుంచి ఐరోపా బట్టీలకు చేరిందీ ఎండుటాకే. మూటలు కట్టి సముద్రాలు దాటించినా నూనె పోని ఆకు సుగంధ పంటల్లో అరుదు. నిలవతో చెడకపోవడం సరే, పచౌలి విషయంలో నిలవ వల్ల మేలు కూడా జరిగింది. ఈ గుణమే ఈ పంట వ్యాపార చరిత్రను నడిపించింది.

సాగు

వేడి, తేమ, పలుచని నీడ ఉన్న చోటు పచౌలికి ఇష్టం. ఉష్ణోగ్రత 22 నుంచి 28 డిగ్రీల మధ్య, వర్షం ఏడాది పొడవునా పరుచుకుని 2,000 నుంచి 3,000 మి.మీ. దాకా ఉంటే బాగా పెరుగుతుంది. వర్షం తక్కువైతే నీరు పెట్టి పెంచవచ్చు కానీ వేళ్ల దగ్గర నీరు నిలవకూడదు. సేంద్రియ పదార్థం ఉన్న తేలికపాటి నేలలు మేలు. పూర్తి ఎండలో ఆకు పసుపెక్కి చిన్నబోతుంది. దట్టమైన నీడలో మొక్క ఏపుగా కనిపించినా ఆకులో నూనె తగ్గుతుంది. అందుకే కొబ్బరి, రబ్బరు, వక్క, కాఫీ తోటల్లో అంతరపంటగా దీనికి చోటు దొరికింది. నాలుగైదు కణుపులున్న కొమ్మ ముక్కలను నీడనున్న నారుమడిలో లేదా ప్లాస్టిక్ సంచుల్లో నాటితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు పడతాయి. వాటిని 60 సెంటీమీటర్ల ఎడంతో పొలంలో పెడితే హెక్టారుకు సుమారు 28,000 మొక్కలు పడతాయి. నాటిన ఐదారు నెలలకు మొదటి కోత, ఆపైన మూడు నాలుగు నెలలకొకటి వస్తాయి. రెండు మూడేళ్ల తర్వాత దిగుబడి పడిపోతుంది, మళ్లీ కొత్తగా నాటాలి.

ఆకు పంట కాబట్టి పచౌలి నేల నుంచి నత్రజనిని, పొటాషియాన్ని బాగా లాగేస్తుంది. ప్రతి కోతలో పచ్చదనమంతా పొలం దాటిపోతుంది. సుమత్రాలో చిన్న రైతులు అడవి అంచున నేల చదును చేసి, రెండు మూడు కోతలు తీసుకుని, సారం తగ్గగానే మరో చోటికి మారే పద్ధతి చాలాకాలం నడిచిందంటే కారణం ఇదే. బట్టీలో ఉడికిన పిప్పిని ఎరువుగా తిరిగి చేనుకు చేర్చడం, కోత కోతకూ నత్రజనిని విడతలుగా ఇవ్వడం ఆ నష్టాన్ని కొంత పూడుస్తాయి. వేరుబుడిపె కలిగించే నులిపురుగులు ఈ పంటకు మొదటి శత్రువు. మొక్క గిడసబారి, ఆకు ఎర్రబారి, తోట తోటే క్షీణిస్తుంది. బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుల మీద మచ్చలు తెచ్చే మొజాయిక్ వైరస్‌లు, ఇండోనేషియాలో బుడోక్ అని పిలిచే శిలీంధ్ర వ్యాధి మిగిలిన శత్రువులు. కొమ్మ ముక్కతోనే పెంచడం వల్ల వైరస్ తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు నేరుగా దిగుతుంది. కణజాల వర్ధనంతో శుద్ధమైన మొక్కలు తయారు చేయడం, నారుమడి మట్టిని ఎండకు కాచి వాడటం, ఒకే నేలలో వరసగా నాటకపోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

జాతి ఎంపిక కూడా చిన్న విషయం కాదు. భారతదేశంలో జొహోర్, సింగపూర్, ఇండోనేషియా అనే రకాలు ప్రచారంలో ఉన్నాయి. జొహోర్ నూనె వాసనకు పేరు, సింగపూర్ దిగుబడికి పేరు. ఇండోనేషియా పరిశోధకులు 2005లో సిడికలాంగ్, లొక్సుమావే, తపక్ తువాన్ రకాలను విడుదల చేశారు. వీటిలో సిడికలాంగ్‌కు నూనె నాణ్యత పరంగా మంచి పేరుంది. ఇక్కడే ఒక అభ్యంతరం ఎదురవుతుంది. నూనెలో పచౌలాల్ ఎంత ఉండాలో రకమే నిర్ణయిస్తున్నప్పుడు కోత తర్వాతి పనికి అంత ప్రాధాన్యం ఎందుకివ్వాలన్నది ఆ అభ్యంతరం. రకం ప్రభావం నిజమే. అయితే రకం నిర్ణయించేది గరిష్ఠ పరిమితిని. మంచి రకపు ఆకును సగం ఎండబెట్టి, తొందరగా బట్టీ దింపేస్తే ఆ పరిమితి దరిదాపులకు కూడా చేరదు. తక్కువ రకానికి ఎంత పనితనం జోడించినా ఆ పరిమితిని దాటదు. రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి. కానీ ప్రభుత్వాల, సంస్థల దృష్టి మొక్కల పంపిణీ దగ్గరే ఆగిపోతుంటుంది.

కోత, ఆరబెట్టడం, బట్టీ

కింది ఆకులు కాస్త పసుపెక్కి, తోటలో నడిస్తే వాసన తగులుతున్నప్పుడు కోతకు వచ్చినట్టు. మళ్లీ చిగురించడానికి మొక్క మొదలు దగ్గర కొన్ని మొగ్గలు వదిలి కొమ్మలను కోస్తారు. ఆ తర్వాత ఆకును నీడలో పలుచగా పరిచి, రోజూ తిరగేస్తూ దాదాపు వారం ఆరబెడతారు. బరువు ఐదో వంతుకు తగ్గుతుంది. ఈ ఆరబెట్టడం రవాణా సౌలభ్యం కోసమే అనుకుంటే పొరపాటు. సుగంధ మొక్కల్లో చాలావాటికి నూనె గ్రంథులు ఆకు పైపొర మీది నూగులో ఉంటాయి, ఆవిరి తగలగానే పగిలి నూనె వదులుతాయి. పచౌలిలో పైపొర మీది గ్రంథులతో పాటు ఆకు లోపలి కణజాలంలోనూ నూనె గ్రంథులున్నాయని సూక్ష్మదర్శిని పరిశీలనలు చూపించాయి. పచ్చి ఆకులో వాటి చుట్టూ నీటితో నిండిన కణాలు గోడ కట్టినట్టుంటాయి, ఆవిరి లోపలిదాకా చొరబడలేదు. ఆకు ఎండుతూ కొద్దిగా మగ్గినప్పుడు ఆ గోడలు చిట్లి దారి ఏర్పడుతుంది. ఎండుటాకులో 2.5 నుంచి 3.5 శాతం నూనె దొరుకుతుంది. కాండం కలిపితే 2 శాతానికి దిగుతుంది. నిప్పులు చెరిగే ఎండలో ఆరబెడితే తేలిక పదార్థాలు ఎగిరిపోతాయి. తడి ఆకును కుప్ప పోస్తే బూజు పట్టి, ఆ ముక్క వాసన నూనెలోకి దిగి ఏ శుద్ధికీ పోదు. అంటే ఆరబెట్టే పాకను తయారీలో ఒక దశగా చూడాలి, సరుకు దాచే గోదాముగా కాదు.

బట్టీలోనూ పచౌలి తొందరపాటును సహించదు. ఇందులోని అణువులు బరువైనవి. పచౌలాల్ మరిగే ఉష్ణోగ్రత సుమారు 287 డిగ్రీలు. ఆవిరితో కలిసినప్పుడు అంతకంటే చాలా తక్కువ వేడికే బయటికొస్తుంది గానీ నెమ్మదిగా వస్తుంది. మొదటి గంటల్లో తేలికపాటి హైడ్రోకార్బన్లు దిగుతాయి. పచౌలాల్ ఎక్కువగా వచ్చేది వాటి తర్వాత. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది గంటలు, సాదా బట్టీల్లో అంతకు మించి కూడా ఆవిరి పట్టాలి. కట్టెలు కొనలేక నాలుగు గంటలకే మంట ఆర్పేస్తే నూనె పరిమాణం తగ్గడమే కాదు, దొరికిన నూనె కూర్పే మారిపోతుంది. నూనె సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉండటం వల్ల గ్రాహక పాత్రలో రెండూ నింపాదిగా విడిపోతాయి. అక్కడా ఓపిక కావాలి. ఇక పాత్ర దేనితో చేశారన్నది మరో సంగతి. ఇండోనేషియా పల్లెల్లో పాత ఇనుప డ్రమ్ములతో చేసిన బట్టీలు సాధారణం. వాటిలో దిగిన నూనెలోకి ఇనుము చేరి రంగు ముదురు గోధుమకు మారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలో దిగిన నూనె లేత పసుపు. సిట్రిక్ ఆమ్లం వంటి వాటితో ఇనుమును తొలగించే పద్ధతులు ఉన్నాయి. ఒకే తోట, ఒకే ఆకు, రెండు పాత్రలు. బజారులో రెండు ధరలు.

రసాయన స్వరూపం

పచౌలి నూనెలో దాదాపు అంతా సెస్క్విటెర్పీన్లే, అంటే 15 కర్బన పరమాణువుల చట్రం మీద కట్టిన అణువులు. వాటిలో ప్రధానమైనది పచౌలాల్. దాని ఫార్ములా సి15హెచ్26ఓ, మూడు వలయాలున్న ఆల్కహాలు. స్వచ్ఛంగా ఉంటే 56 డిగ్రీల దగ్గర కరిగే స్ఫటికం. నూనెను చాలాకాలం చల్లగా ఉంచితే అడుగున పేరుకునే ఈ స్ఫటికాలను ఫ్రెంచ్ రసాయనవేత్త గాల్ 1869లో వేరు చేశాడు. దాని నిర్మాణం తేలడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది. అమెరికాలో ఎం.ఐ.టి.లో పనిచేసిన జార్జ్ బ్యూకీ బృందం 1960ల ఆరంభంలో దీనికొక నిర్మాణాన్ని ప్రతిపాదించి, ఆ నిర్మాణాన్ని లక్ష్యంగా పెట్టుకుని ప్రయోగశాలలో పచౌలాల్‌ను తయారు చేసింది. తయారైన పదార్థం సహజ పచౌలాల్‌తో అచ్చంగా సరిపోయింది. 1963లో జ్యూరిక్‌లో జాక్ డునిట్జ్ బృందం ఎక్స్-కిరణ పరిశీలన చేస్తే ప్రతిపాదించిన నిర్మాణం తప్పని తేలింది. సంశ్లేషణ మధ్యలో ఒక దశలో అణువు చట్రం తనంతట తాను సర్దుకుని, రసాయనవేత్తలు ఊహించని అసలు రూపానికి చేరుకుంది. గమ్యం తప్పు రాసుకుని సరైన ఊరికి చేరిన ఈ ఉదంతాన్ని సేంద్రియ రసాయన పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. ఈ అణువుల చట్రాలు ఎంత సులువుగా రూపం మార్చుకుంటాయో, ఆమ్లం, వేడి, గాలి తగిలినప్పుడు నూనె ఎందుకు మారుతుందో కూడా ఆ ఉదంతం చెప్పకనే చెబుతుంది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2002లో సవరించిన ఐఎస్ఓ 3757 ప్రకారం నూనెలో పచౌలాల్ 27 నుంచి 35 శాతం, ఆల్ఫా-బుల్నెసీన్ 13 నుంచి 21, ఆల్ఫా-గ్వాయీన్ 11 నుంచి 16, బీటా-కారియోఫిల్లీన్ 2 నుంచి 5, పోగోస్టాల్ 1 నుంచి 2.5, నార్‌పచౌలెనాల్ 0.35 నుంచి 1 శాతం ఉండాలి. ఇవన్నీ వేరువేరు దారుల్లో పుట్టినవి కావు. 2006లో పరిశోధకులు పచౌలి ఆకు నుంచి పచౌలాల్ సింథేస్ అనే ఎంజైము జన్యువును వేరు చేసి చూస్తే, ఆ ఒక్క ఎంజైమే ఫార్నెసైల్ పైరోఫాస్ఫేట్ అనే మూల పదార్థం నుంచి పచౌలాల్‌తో పాటు పదికి పైగా ఇతర సెస్క్విటెర్పీన్లను కూడా తయారు చేస్తుందని తేలింది. కాబట్టి పచౌలాల్‌ను అసలు సరుకుగా, మిగిలినవాటిని తాలుగా చూడటం మొక్క జీవరసాయనానికే విరుద్ధం. అవన్నీ ఒకే మగ్గం మీద నేసినవి.

మరి వాసన ఎవరిది? ఈ ప్రశ్న మీద రసాయనవేత్తల మధ్య చాలాకాలం చర్చ నడిచింది. 1970లలో ఫ్రాన్స్‌లో టీసేర్ బృందం నార్‌పచౌలెనాల్‌ను గుర్తించినప్పుడు, ఒక శాతం కూడా లేని ఈ పదార్థమే పచౌలి వాసనకు ప్రాణమని, పచౌలాల్ వాసన నీరసమైనదని భావించారు. 1981లో స్విట్జర్లాండ్‌లో నాఫ్ బృందం పచౌలాల్ రెండు దర్పణ రూపాలనూ తయారు చేసి వాసన చూసింది. ప్రకృతిలో ఉండే ఎడమ రూపానికి స్పష్టమైన పచౌలి వాసన ఉందని, కుడి రూపం బలహీనంగా ఉందని తేలింది. దాంతో పచౌలాల్ గౌరవం నిలబడింది. కానీ పచౌలాల్ ఒక్కటే పచౌలి అని ఎవరూ అనలేదు. మట్టి వాసన, కర్పూరపు చలవ, తోలు వంటి ఛాయ ఇవి సూక్ష్మ పరిమాణంలో ఉన్న అనేక పదార్థాల ఉమ్మడి ఫలితం. బ్యూకీ బృందమే 1960లలో ఈ నూనెలో పచౌలిపిరిడీన్ వంటి నత్రజని పదార్థాలను కూడా కనిపెట్టింది. చైనాలో పెరిగే కొన్ని పచౌలి రకాల్లో పచౌలాల్ వెనక్కి తగ్గి పోగోస్టోన్ అనే పదార్థం ముందుకొస్తుంది. దానికి శిలీంధ్రాలను అణచే గుణముంది, వైద్యానికి అది విలువైనది, అత్తరుకు కాదు. మంచి పచౌలి అంటే ఏమిటన్న ప్రశ్నకు వాడే పనిని బట్టి జవాబు మారుతుందన్నమాట.

పాతబడితే మెరుగుపడుతుందా?

కొత్తగా దిగిన పచౌలి నూనెలో పచ్చి వాసన, కాస్త కటువు ఉంటాయని, ఏడాదో రెండేళ్లో నిలవ ఉంటే గుండ్రంగా, తీయగా మారుతుందని అత్తరు తయారీదారులు నమ్ముతారు. ఇది ధర పెంచుకోవడానికి వ్యాపారులు అల్లిన కథ అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. చెడిన ఆకుతో తీసిన నూనెను, కల్తీ నూనెను పాత సరుకు పేరుతో అమ్మినవారు ఉన్నారు. అయితే రసాయనం ఈ నమ్మకాన్ని పూర్తిగా తోసిపుచ్చదు. నూనెలో దాదాపు మూడో వంతు ఉండే గ్వాయీన్, బుల్నెసీన్‌లు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా చర్య జరిపే స్వభావమున్నవి. ఆల్ఫా-గ్వాయీన్ గాలి తగిలితే రోటండోన్‌గా మారుతుందని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. మిరియాల ప్రత్యేక వాసనకు, కొన్ని ద్రాక్షసారాల మిరియపు ఛాయకు కారణం రోటండోనే. అది అణుమాత్రం ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. పైగా నిలవలో తేలికైన, కటువైన ఆవిర్లు కొంత పోతాయి. అందువల్ల మంచి నూనె నిలవతో మారుతుందన్నది నమ్మదగిన మాటే, చెడ్డ నూనె నిలవతో బాగుపడుతుందన్నది కాదు. ఆ మార్పుల్లో చాలావాటిని పచౌలాల్ శాతం పట్టి చూపదన్నది ఇక్కడ ముఖ్యం.

ప్రమాణాలు, కల్తీ, బజారు

ప్రపంచపు పచౌలి నూనెలో 80 శాతానికి పైగా ఇండోనేషియాదే. మొదట సుమత్రా ఉత్తర కొసనున్న అచే ప్రాంతం దీనికి కేంద్రం. 2000ల తర్వాత సులవేసి దీవి ముందుకొచ్చింది. 2013లో అచే పచౌలికి ఆ దేశంలో భౌగోళిక గుర్తింపు దక్కింది. పెద్ద తోటలు లేవు. కొద్దిపాటి నేలలో పండించే చిన్న రైతులు, ఊరి బట్టీలు, సేకరణదారులు, ఎగుమతిదారులు గొలుసుకట్టుగా ఉంటారు. ధర పెరిగిన ఏడాది అందరూ నాటుతారు, మరుసటి ఏడాది సరుకు పోటెత్తి ధర కూలుతుంది, రైతులు తోట తీసేస్తారు, మళ్లీ కొరత. ఎండుమిర్చి ధర మీద బతికే గుంటూరు, ఖమ్మం రైతుకు ఈ చక్రం గురించి వేరే చెప్పనక్కర్లేదు. కొరత వచ్చినప్పుడల్లా కల్తీ పెరుగుతుంది. గర్జన చెట్టు జిగురు నూనె, దేవదారు నూనె, వంట నూనెలు, చివరికి కిరోసిన్ దాకా కలుపుతారు. గ్యాస్ క్రొమటోగ్రఫీ వీటిలో చాలావాటిని పట్టేస్తుంది.

ఇక్కడ రెండో అభ్యంతరం వినిపిస్తుంది. సముద్రాల అవతలి కొనుగోలుదారు బట్టీ దగ్గరికొచ్చి వాసన చూడలేడు, వ్యాపారానికి ఒక అంకె కావాలి, పచౌలాల్ శాతం ఆ అవసరం తీరుస్తోంది కదా అని. ఈ వాదనలో బలముంది. ఇండోనేషియా జాతీయ ప్రమాణం కనీసం 30 శాతం అనడం వల్ల కల్తీకి, సగం ఉడికిన నూనెకు కొంత అడ్డుకట్ట పడింది. అసలు కొలతే లేని రోజుల్లో రైతు వ్యాపారి దయ మీద ఆధారపడ్డాడు. కాబట్టి అంకెను తీసేయమనడం సమంజసం కాదు. కానీ అంకె ఒక్కటే ధర నిర్ణయిస్తే ఆరబెట్టడంలో శ్రద్ధ చూపిన రైతుకు, బూజు పట్టిన ఆకు ఉడికించిన రైతుకు ఒకే ధర పడుతుంది, ఇద్దరి నూనెలోనూ 30 శాతం ఉండవచ్చు కనుక. ఇనుము పరిమాణం, ఆమ్ల సంఖ్య, వాసన పరీక్ష ప్రమాణాల్లో ఉన్నా బేరం దగ్గరికొచ్చేసరికి వెనక్కి పోతాయి. వాటిని కూడా ధరలోకి తెస్తే తప్ప శ్రద్ధకు ప్రతిఫలం ఉండదు.

ఉపయోగాలు

పచౌలి నూనె నెమ్మదిగా ఆవిరయ్యేది కావడం వల్ల అత్తరులో అడుగు వాసనగా నిలబడి, తన పైనున్న తేలిక పరిమళాలను కూడా కొంతసేపు పట్టి ఉంచుతుంది. ఫ్రాంస్వా కోతీ 1917లో విడుదల చేసిన షిప్ర్ పరిమళంలో ఓక్ చెట్టు నాచు, లాబ్డనం, బెర్గమాట్‌లతో పాటు పచౌలి కూడా ఒక స్తంభం. ఆ తరహా ఒక పరిమళ వర్గంగానే స్థిరపడింది. 1960లు, 70లలో పాశ్చాత్య యువత తిరుగుబాటు ధోరణికి ఈ నూనె చిహ్నమై, ఆ తర్వాత అదే కారణంతో కొంతకాలం చిన్నచూపుకు గురైంది. 1992లో తియెరీ ముగ్లర్ సంస్థ తెచ్చిన ఏంజెల్‌లో పంచదార పాకం వంటి తీపి పక్కన పచౌలి నిలిచి మళ్లీ వెలుగులోకి వచ్చింది. 2001 నాటి కోకో మద్మొజెల్ వంటి వాటిలో మట్టి వాసన తగ్గించి వడకట్టిన పచౌలి వాడారు. భారతదేశంలో ఈ నూనె ఎక్కువగా అగరబత్తి, సబ్బు, అత్తరు పరిశ్రమలకు, జర్దా వంటి పొగాకు సరుకుల పరిమళానికి పోతోంది. ఈ చివరి వాడకం ఆరోగ్యానికి ఎంత చేటో చెప్పాల్సింది పొగాకు గురించే గానీ పచౌలి గురించి కాదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పచౌలిని ఆహారంలో వాడదగిన సహజ పరిమళ ద్రవ్యాల జాబితాలో చేర్చింది.

చైనా వైద్యంలో ఎండు పచౌలి కొమ్మలను గ్వాంగ్ హ్వోషియాంగ్ పేరుతో వాంతులు, అజీర్ణం, వేసవి జ్వరాలకు వాడతారు. సాంగ్ వంశపు ప్రభుత్వ ఔషధ గ్రంథంలోని హ్వోషియాంగ్ జంగ్‌చీ యోగం ఇప్పటికీ అక్కడి మందుల దుకాణాల్లో దొరుకుతుంది. శాలువాల మడతల్లో ఆకు పెట్టిన పాత అలవాటుకు ఆధునిక పరీక్షల్లో ఊతం దొరికింది. 2003లో చేసిన ప్రయోగాల్లో పచౌలి నూనె, పచౌలాల్ ఫార్మోసా చెదపురుగులను చంపాయి, దూరంగా తరిమాయి. 2005లో థాయ్‌లాండ్ పరిశోధకులు 38 సుగంధ తైలాలను పోల్చి చూస్తే, పలుచన చేయని పచౌలి నూనె దోమకాటును రెండు గంటల పాటు పూర్తిగా ఆపిన నాలుగింటిలో ఒకటిగా నిలిచింది. అయితే నూనెను పలుచన చేస్తే ఆ రక్షణ త్వరగా తగ్గుతుంది, సీసాలో ఉన్నంత చిక్కటి నూనెను ఒంటికి రాసుకోవడం అందరికీ తగదు. ఒత్తిడి తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది, చర్మరోగాలు మాన్పుతుంది అంటూ సీసాల మీద కనిపించే మాటల్లో చాలావాటికి మనుషుల మీద జరిగిన గట్టి పరీక్షల బలం లేదు. పరీక్షనాళికలో సూక్ష్మజీవిని చంపిన ప్రతి పదార్థం మందు కాజాలదు.

ఈస్టు పోటీ, తెలుగు నేల

అన్నిటికంటే బలమైన అభ్యంతరం జీవసాంకేతికత నుంచి వస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫిర్మెనిష్ సంస్థ అమెరికాలోని అమైరిస్‌తో కలిసి 2014లో క్లియర్‌వుడ్ అనే ద్రవ్యాన్ని తెచ్చింది. పచౌలి తరహా సెస్క్విటెర్పీన్లను తయారు చేసేలా మార్చిన ఈస్టుకు చక్కెర పెట్టి పులియబెట్టడం దాని పద్ధతి. వానతో, తెగుళ్లతో, ధరల ఊగిసలాటతో పని లేదు. అలాంటప్పుడు రైతు ఆకు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ క్లియర్‌వుడ్‌ను దాని తయారీదారులే మట్టి, తోలు, రబ్బరు ఛాయలు లేని శుభ్రమైన పచౌలిగా వర్ణిస్తారు. ఆకు మగ్గి, ఆవిరిలో ఉడికి, గాలి తగిలి సంతరించుకునే గుణాలు అందులో ఉండవు. కొందరు పరిమళకర్తలకు ఆ లేమి వరం. మరికొందరికి అదే లోటు. గివాడన్ సంస్థ పచౌలి నూనెనే ఎంజైముతో మార్చి అకిగలావుడ్ తయారు చేయడం చూస్తే, ప్రయోగశాలకు కూడా అసలు నూనె ముడిసరుకుగా అవసరమేనని తెలుస్తుంది. సాదా సబ్బుల్లో, డిటర్జెంట్లలో ఈస్టు సరుకు రైతు వాటాను కోయవచ్చు. సాధారణ పచౌలాల్‌ను అమ్ముకునే రైతు దాని ముందు నిలవలేడు, పచౌలినే అమ్మేవాడు నిలవగలడు.

భారతదేశంలో 1940ల ఆరంభంలో టాటా ఆయిల్ మిల్స్ ఈ పంటను తొలిసారి ప్రయత్నించింది. ఇప్పుడు కర్ణాటక, కేరళ, తమిళనాడు, అస్సాంలలో కొంత సాగవుతోంది గానీ పరిశ్రమ అవసరాల్లో చాలా భాగం దిగుమతులే తీరుస్తున్నాయి. 2017లో మొదలైన సీఎస్ఐఆర్ అరోమా మిషన్ ప్రోత్సహించే పంటల్లో పచౌలి ఉంది. ఆ సంస్థకు చెందిన సీమాప్ కేంద్రం హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో పనిచేస్తోంది. తెలుగు ప్రాంతాల్లో వానకు తోడు నీరు, నీడ దొరికే చోటు అనగానే కోనసీమ కొబ్బరి తోటలు గుర్తుకొస్తాయి. అక్కడ వాన ఏడాదికి 1,100–1,200 మి.మీ. దరిదాపుల్లోనే, అదీ కొద్ది నెలల్లోనే పడుతుంది కాబట్టి కాలువ నీరో, బిందు సేద్యమో తప్పనిసరి. ఇసుక నేలల్లో నులిపురుగుల బెడద కూడా ఎక్కువ. కొబ్బరి నీడ ఉచితం కదా అని మొక్కలు పంచితే సరిపోదు. ఎకరాకు మంచి మొక్కలెన్ని అన్న లెక్క కంటే ముందు గాలాడే ఆరబెట్టే పాక, కొందరు రైతులు కలిసి వాడుకునే స్టెయిన్‌లెస్ స్టీలు బట్టీ, ఎనిమిది గంటల మంటకు సరిపడా ఇంధనం, నూనె పరీక్షించి ధర చెప్పే చోటు ఉన్నాయా అని అడగాలి. హెక్టారుకు ఏడాదికి 40 నుంచి 60 కిలోల నూనె వచ్చే పంటలో ప్రతి కిలో నాణ్యతే ఆదాయం.

పచౌలి చరిత్ర, జీవరసాయనం, వాణిజ్యం మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. శాలువాల కాలంలో ఈ వాసనకు విలువ తెచ్చింది ఎండుటాకు ప్రయాణం. ఆకు లోపలి గ్రంథులు తెరుచుకునేది ఆరబెట్టే పాకలో. పచౌలాల్ దిగేది ఓపికగల బట్టీలో. పరిమళకర్త వెతికే ఛాయలు పెరిగేది నిలవలో. రకాన్ని మెరుగుపరచే పరిశోధన, శాతాన్ని కొలిచే ప్రమాణం రెండూ అవసరమే, కానీ అవి ఈ గొలుసులో రెండు కొసలు మాత్రమే. మధ్యలో జరిగే పనికి ధర కట్టే మార్గం దొరికితేనే పచౌలి చిన్న రైతు పంటగా మిగులుతుంది. ఆ మార్గం కూడా అందనంత దూరంలో లేదు. నూనె కొనేచోట పచౌలాల్ శాతంతో పాటు ఇనుము, ఆమ్ల సంఖ్య, వాసన పరీక్షలను ధర పట్టికలో విడివిడిగా లెక్కగట్టి, పాకకు, పాత్రకు రైతు పెట్టిన ఖర్చు ఆ పట్టికలో తిరిగి కనిపించేలా చేయడం మొదటి అడుగు.